కుడి కొసనే రంగు ఎందుకు వెలిసింది? ఒక హనుక్కా దీపాల కేసు

కళాకారిణి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు, డిజైన్లను పట్టించే వివరాలు తీసేశాను. తిరిగివచ్చిన వస్తువుల సంఖ్య, కొలతలు మాత్రం నా నోటుపుస్తకంలో ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

లోహాల మీద పూతలు, రంగులు నా వృత్తి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చిన్న చిన్న కర్మాగారాలకు సలహాలిస్తుంటాను. కిటికీ చట్రాలు, యంత్రాల మూతలు, సైకిలు విడిభాగాలు నా దగ్గరికి వస్తుంటాయి. రంగు దిగినా, మరక పడినా, పొర లేచినా పిలుపు వస్తుంది. ఆచార వస్తువుల మీద పని చేయడం ఇదే మొదటిసారి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు సమాజం ఒకటుందనీ, వాళ్లను బెనే ఎఫ్రాయిం అంటారనీ తెలుసు తప్ప, ఆ మతాచారాల గురించి నాకు తెలిసింది శూన్యం. ఆ తెలియకపోవడం ఈ కేసులో నన్ను బాగానే ఇబ్బంది పెట్టింది. కొంత మేలూ చేసింది.

కళాకారిణికి అరవై దాటాయి. యూదుల ఇళ్లలో వాడే వస్తువులను అల్యూమినియంతో, కళ్లు చెదిరే రంగుల్లో, చేత్తో చేస్తారు. శుక్రవారం రాత్రి షబ్బాత్‌కు (వారపు విశ్రాంతి దినానికి) స్వాగతం చెబుతూ ద్రాక్షారసం పోసే కిద్దూష్ గిన్నె, ద్వారబంధానికి బిగించే మెజూజా తొడుగు, హనుక్కా పండుగ ఎనిమిది రాత్రులూ వెలిగించే హనుక్కియా ఆమె పనిలో ముఖ్యమైనవి. తెలుగు బైబిల్లో దీపవృక్షం అని చదివినది ఏడు కొమ్మల మెనోరా. హనుక్కియా వేరు. దానికి వరసగా ఎనిమిది దీపాలు, వాటిని వెలిగించడానికి షమాష్ అనే తొమ్మిదో దీపం ఉంటాయి. షమాష్ అంటే సేవకుడు. అందుకే దాన్ని మిగతా ఎనిమిదితో కలపకుండా కాస్త ఎత్తులోనో పక్కగానో పెడతారు.

మొదటి సమావేశంలోనే నేనొక పొరపాటు మాట అన్నాను. ‘రంగే కదా పోయింది, దీపం వెలుగుతుంది కదా’ అన్నాను. ఆమె నొచ్చుకోలేదు, ఓపికగా చెప్పారు. ఆచారాన్ని పాటించడం ఒక ఎత్తు, అందంగా పాటించడం ఇంకో ఎత్తు. ఆ రెండోదాన్ని హిద్దూర్ మిత్స్వా అంటారు. నిర్గమకాండం పదిహేనో అధ్యాయంలోని ఒక వాక్యాన్ని తల్మూద్ (యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం) పండితులు అలా వ్యాఖ్యానించారట: దేవుణ్ని అలంకరించడమంటే ఆయన చెప్పిన పనికి వాడే వస్తువును అందంగా చేయడం. ఆమె లెక్కలో రంగు వెలిసిన హనుక్కియా సగం పని మానేసిన హనుక్కియా. ఆ తర్వాత ‘రంగే కదా’ అన్న మాట నా నోట రాలేదు.

పని తీరు ఇది. కోసి వంచిన అల్యూమినియం ముక్కలను ఆమె ఒక ఆనోడైజింగ్ కర్మాగారానికి పంపుతారు. వాళ్లు గంధకామ్లం తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తే లోహం మీద ఆక్సైడ్ పొర పెరుగుతుంది. ఆ పొర నిండా కంటికి కనిపించని రంధ్రాలు. కొత్త కుండ నీళ్లు పీల్చినట్టు అది రంగు పీలుస్తుంది. ఆ రంధ్రాలు మూయకముందే ముక్కలు ఆమె దగ్గరికి తిరిగివస్తాయి. ఆమె కుంచెతో, స్పాంజితో రంగులద్దుతారు. ఊదా, నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ ఒకదానిలోకి ఒకటి జారుతున్నట్టు ఉంటాయి. తర్వాత మరిగే నీళ్లలో ఉంచితే రంధ్రాలు ఉబ్బి మూసుకుని రంగు లోపలే ఉండిపోతుంది. ఈ చివరి దశనే సీలింగ్ అంటాం.

ఏం జరిగింది

హనుక్కా అయిపోయిన జనవరిలో 14 హనుక్కియాలు తిరిగివచ్చాయి. ఫిర్యాదు దాదాపు ఒకటే: కొవ్వొత్తులు నిలబెట్టే చిన్న గిన్నెల చుట్టూ రంగు పాలిపోయింది. (కొవ్వొత్తి గిన్నెను ఇక్కడి నుంచి కుదురు అంటాను.) కొన్నింటిలో అంచు దగ్గర సన్నని వెంట్రుక గీతల్లాంటి పగుళ్లు. వాటిని భూతద్దంలో చూస్తే ఎండిన చెరువు అడుగు గుర్తొచ్చింది.

ఆ పధ్నాలుగింటినీ ఆమె బల్ల మీద పరిచారు. నేను మాత్రం వాటిని సరిగ్గా చూడకుండానే ‘సీలింగ్ ఎంతసేపు చేస్తారు?’ అని అడిగాను.

పావుగంట అన్నారు. కుళాయి నీళ్లట.

నాకు ప్రాణం లేచివచ్చింది. పొర మందం 12 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మా పనిలో ఒక్కో మైక్రానుకు రెండు మూడు నిమిషాలు మరగాలన్నది వాడుక లెక్క. అంటే దాదాపు అరగంట. పైగా కుళాయి నీళ్లలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు కొద్దిగా ఉన్నా రంధ్రాలు సరిగా మూసుకోవు. రంగు వేయని ముక్క ఒకటి తీసుకుని పరీక్ష చేశాను. కాస్త ఆమ్లంతో తడిపి, కడిగి, ఆరబెట్టి, ముదురు రంగు చుక్క వేసి, ఒక నిమిషం ఆగి రుద్ది కడిగాను. మచ్చ అలాగే ఉండిపోయింది. పొర ఇంకా రంగు పీలుస్తోందన్నమాట. సీలింగ్ సరిగా లేదని రుజువైంది. రోగం దొరికిందనుకున్నాను.

ఆమె సీలింగును ఎందుకు తగ్గించారో అప్పుడు అడగాల్సింది, అడగలేదు. ఎక్కువసేపు మరిగిస్తే ఎరుపు కారి పసుపులోకి వస్తుందట. ముప్పై ఏళ్ల అనుభవం మీద చేసిన సర్దుబాటు అది. దానికి మందు నికెల్ ఎసిటేట్‌తో ముందు సీలింగ్ చేసి తర్వాత నీళ్లలో మరిగించడం. అయితే నికెల్ ద్రావణం ఇంటి స్టూడియోలో ఉంచుకోవడం నాకు నచ్చలేదు. దాని వ్యర్థాలను కాలువలో పోయకూడదు. అందుకే సీలింగును తిరిగి కర్మాగారానికే అప్పగించాం. రంగులద్దిన ముక్కలను ఆమె కారులో పట్టుకెళ్లి ఇవ్వాలి. శ్రమ పెరిగినా ఆ దశ బాగుపడింది. మచ్చ పరీక్షలో ముక్కలు నెగ్గాయి.

అప్పుడు కొత్త హనుక్కియా ఒకటి మా గ్యారేజీలో పెట్టి, ఒకే కుదురులో వరసగా ఎనిమిది కొవ్వొత్తులు పూర్తిగా కాల్చాను. రంగు మళ్లీ పాలిపోయింది.

మూడు వారాలు పోయాయి. సీలింగులో లోపం నిజమే, దిద్దడమూ అవసరమే. కానీ ఆమె నన్ను పిలిచింది ఆ లోపం కోసం కాదు. మొదటి పరీక్షలోనే ఒక తప్పు దొరకడంతో వెతకడం ఆపేశాను.

లెక్క వేసి చూడడం

ఈసారి మొదటి నుంచి మొదలుపెట్టాను. పధ్నాలుగు వస్తువుల్లో ఒక్కో కుదురుకూ దెబ్బను బట్టి సున్నా నుంచి ఐదు వరకు మార్కులు వేశాను. ఏది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో చూడకుండా, ఒక్కోటి విడిగా, తెల్లని లైటు కింద. సాయంత్రానికి పెద్ద కాగితం మీద పట్టిక తయారైంది.

మూడింటిలో రంగు అంతటా సమానంగా, కాళ్ల దాకా పాలిపోయింది. రెండింటిలో ఒక ముఖం వెలిసింది, రెండో ముఖం కొత్తగా ఉంది. మిగిలిన తొమ్మిదింటిలో కనిపించినది మాత్రం నన్ను కూర్చోనివ్వలేదు. ఒక్కటి తప్ప అన్నిట్లో కుడి కొసన ఐదు, దాని పక్కన ఐదు లేదా నాలుగు, అలా తగ్గుతూ ఎడమ కొసన సున్నా. మధ్యలో ఎత్తుగా ఉన్న షమాష్‌కు మళ్లీ ఐదు. మెట్లు దిగినట్టు అంకెలు దిగుతున్నాయి.

మొదటి అనుమానం ఊదా రంగు మీద. చాలా వాటిలో కుడి కొస ఊదా. కానీ తొమ్మిదింటిలో రెండింటిలో రంగుల వరస తిరగబడి ఉంది. వాటిలో కుడి కొస నారింజ, అయినా దెబ్బ కుడి కొసకే. రంగు దోషి కాదు. ఎండ అనుకుందామా అంటే షమాష్ మధ్యలో ఉంది, దానికీ ఐదే. కర్మాగారంలో కరెంటు క్లిప్పు కుడివైపే తగిలిస్తారేమో, అక్కడ పొర పలచబడిందేమో అనుకుని మందం కొలిచాను. అన్ని కొసల్లో ఒకటే.

పట్టిక పట్టుకెళ్లి ఆమెను అడిగాను: ‘కుడివైపు ఏమిటి విశేషం?’

ఆమె చేతిలోని పట్టకారు పక్కన పెట్టి నవ్వారు. మొదటి రాత్రి ఒక దీపం కుడి కొసన పెడతారు. రెండో రాత్రి దాని ఎడమ పక్కన ఇంకొకటి. ఎనిమిదో రాత్రికి ఎనిమిదీ నిండుతాయి. అంటే కుడి కొస కుదురు ఎనిమిది రాత్రులు కాలుతుంది, దాని పక్కది ఏడు, ఎడమ కొసది ఒకే ఒక్క రాత్రి. షమాష్ రోజూ వెలగాల్సిందే కాబట్టి దానికీ ఎనిమిది. ఒక పండుగకు మొత్తం 44 కొవ్వొత్తులు. డబ్బాలో కూడా అన్నే వస్తాయి. నా మార్కుల పట్టికకు పండుగ క్యాలెండరే సమాధానం! (ఎనిమిదితో మొదలుపెట్టి రోజుకొకటి తగ్గించాలని షమ్మాయి పక్షం, ఒకటితో మొదలుపెట్టి పెంచాలని హిల్లెల్ పక్షం, ఈ రెండు ప్రాచీన పండిత వర్గాలు తల్మూద్‌లో వాదించుకున్నాయట. హిల్లెల్ పక్షం నిలిచింది. ఎవరు నెగ్గినా నాకు కొవ్వొత్తుల లెక్క ఒకటే.)

ఒక్క వస్తువు మాత్రం లెక్కకు లొంగలేదు. దానిలో మెట్లు ఎడమ నుంచి కుడికి దిగాయి. సిద్ధాంతం కూలిందా అని కాసేపు దిగులు పడ్డాను. ఆ తొమ్మిదింటిలో ముందు ముఖం ఎండకు వెలిసినదీ ఇదొక్కటే. హనుక్కియాను వీధిలో వాళ్లకు కనిపించేలా కిటికీలో పెట్టడం ఆచారం, ఒక రోజు నూనెతో ఎనిమిది రోజులు దీపం వెలిగిన అద్భుతాన్ని లోకానికి చాటడం కోసం. ఆ ఇంటివాళ్లు అందమైన ముఖాన్ని వీధివైపు తిప్పారు. వెనక నిలబడి వెలిగించేవారి కుడి, వస్తువుకు ఎడమ అయింది. ఏడాదంతా అలాగే ఉంచేయడంతో ముందు ముఖం ఎండకు వెలిసింది. ఆమె ఫోను చేసి కనుక్కున్నారు. అక్షరాలా అంతే.

సమానంగా పాలిపోయిన మూడింటి కథ తేలిక. మైనం వదిలించడానికి గిన్నెలు కడిగే యంత్రంలో వేశారు. ఆ పొడిలో క్షారం ఎక్కువ, ఆనోడైజ్ పొర క్షారానికి కరుగుతుంది. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆవిడ తప్పు కొడుకు మీదకు నెట్టారు.

వేడితో కుస్తీ

కారణం వేడి అని తేలింది. కొవ్వొత్తి నిటారుగా వెలుగుతున్నంతసేపూ కుదురు గోరువెచ్చగానే ఉంటుంది. చివరి రెండు మూడు నిమిషాల్లో వత్తి కరిగిన మైనంలోకి కూలబడి, మైనం మడుగంతా మంట అంటుకుంటుంది. వత్తి గోడకు ఆనిన చోట మంట నేరుగా లోహాన్ని నాకుతుంది. అల్యూమినియం వేడికి ఎంత సాగుతుందో, దాని మీది ఆక్సైడ్ పొర అందులో అయిదో వంతు మాత్రమే సాగుతుంది. కిందిది లాగుతుంటే పైది నెర్రెలు విచ్చుతుంది. నెర్రెల్లో వెలుతురు చెదిరి రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. మంట తగిలిన చోట రంగు నిజంగానే మాడిపోతుంది.

పొర మందం పెంచుదాం అనుకున్నాను. 12 మైక్రాన్ల బదులు 25 పెడితే రంగు లోతుకు దిగుతుంది, తట్టుకుంటుంది అని నా తర్కం. సైకిలు విడిభాగాలకు అది పనిచేసింది. ఇక్కడ ఎదురుతన్నింది. పొర మందమైన కొద్దీ నెర్రెలు పెద్దవయ్యాయి. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతే, నేను మరిచిపోయిన సంగతి.

తర్వాత పారదర్శక వార్నిషు. వేడి తట్టుకుంటుందని రాసి ఉన్నదే కొన్నాం. నాలుగో కొవ్వొత్తికి పసుపెక్కింది. మైనం గీకితే పెచ్చులుగా లేచింది. ఆమె ముఖం చూసి ఆ డబ్బా మూత మళ్లీ తీయలేదు.

మూడో ప్రయత్నం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ‘వస్తువుతో పాటు ఒక కార్డు పెడదాం, కొవ్వొత్తి అంగుళం మిగిలినప్పుడే ఆర్పేయమని’ అన్నాను. ఖర్చు లేని ఉపాయం. చీకటి పడ్డాక అరగంట వెలిగితే చాలనే నియమం ఉందని చదివాను కాబట్టి ధైర్యంగా చెప్పాను. ఆమె ఒక్కమాట అడిగారు: ‘మరి శుక్రవారం?’ ఎనిమిది రాత్రుల్లో కనీసం ఒకటి శుక్రవారం తప్పదు. ఆ రోజు షబ్బాత్ మొదలవకముందే, షబ్బాత్ దీపాలకంటే ముందే, హనుక్కా దీపాలు వెలిగించాలి. అవి చీకటి పడ్డాక అరగంట దాకా నిలవాలి కాబట్టి పెద్ద కొవ్వొత్తులు పెడతారు. షబ్బాత్ మొదలయ్యాక మంటను ఆర్పడం నిషిద్ధం. అంటే అన్నిటికంటే పెద్ద కొవ్వొత్తి, ఎవరూ చేయి పెట్టకుండా, దానంతటదే చివరిదాకా కాలే రాత్రి అది. నా కార్డు చెప్పేది సరిగ్గా ఆ రాత్రికే పనికిరాదు. ఆ క్షణం నుంచి పరీక్షలన్నీ శుక్రవారం కొవ్వొత్తితోనే చేశాను. వస్తువుకు అత్యంత కష్టమైన వాడకం అది కనుక.

నాలుగోది కుదురులో బిగుతుగా కొట్టిన ఇత్తడి లోగిన్నె. చూడముచ్చటగా ఉంది. ఇత్తడి వేడిని బాగానే మోస్తుంది, అల్యూమినియానికి గట్టిగా తగిలి ఉంది కాబట్టి వేడంతా అందులోకే దింపింది. పాలిపోయిన వలయం అంచు నుంచి కాస్త కిందికి జరిగింది, అంతే.

అక్కడ ఆలోచన మళ్లింది. రంగు పొరకు వేడి తట్టుకునే శక్తి ఇవ్వాలని ఇన్నాళ్లూ పాకులాడాను. వేడి రంగు దాకా రాకుండా చేయాలి. తుప్పుపట్టని ఉక్కు వేడిని మోయడంలో సోమరి. 6061 రకం అల్యూమినియానికి వాహకత్వం (మీటరుకు, డిగ్రీకి) 167 వాట్ల దగ్గర ఉంటే, దీనిది 16 దగ్గర. ఉక్కుతో లోగిన్నె చేయించి, అది కొమ్మకు తగలకుండా అడుగున సన్నని మరకాడ మీద నిలబెట్టాం. చుట్టూ రెండు మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీలో గాలి తప్ప ఏమీ లేదు. గిన్నె అంచు నుంచి చిన్న పళ్లెం బయటికి పరుచుకుని ఉంటుంది. కారే మైనం, పడే వత్తి దాని మీదే ఆగుతాయి.

మొదటి పళ్లేల వెడల్పు 40 మిల్లీమీటర్లు. కుదుళ్ల మధ్య దూరం 35. కొలత చూసుకోకుండా నేనే గీసిచ్చాను. పక్కపక్క పళ్లేలు ఒకదాని మీదకు ఒకటి ఎక్కాయి. దూరం పెంచితే ఆమె గీసిన ఆకారం చెడుతుంది. దగ్గర చేయడానికి ఆచారం ఒప్పుకోదు, మంటలు కలిసి కాగడాలా కనిపించకూడదు, ఏ రాత్రికి ఎన్ని దీపాలో విడివిడిగా లెక్కకు రావాలి. పళ్లెం 28కి తగ్గించాం.

శుక్రవారం కొవ్వొత్తులు ఎనిమిది, ఒకదాని తర్వాత ఒకటి. కొమ్మ మీద రంగు చెక్కుచెదరలేదు. లోగిన్నె మాత్రం నీలిమచ్చలు పడి, మసిబారి, చూడ్డానికి బాగాలేదు. మర తిప్పి తీసి, వేడినీళ్లలో వేసి, తుడిచి పెట్టుకోవచ్చు. ఇంతకుముందు మొత్తం హనుక్కియాను యంత్రంలో వేసినవాళ్లు ఇక గిన్నెలు మాత్రం వేసుకుంటారని మా ఆశ.

ఈ మరకాడ అనుకోని మేలు ఒకటి చేసింది. ఎనిమిది దీపాలూ ఒకే ఎత్తులో ఉండాలన్నది వాళ్ల నియమం. చేత్తో వంచిన కొమ్మల్లో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఎప్పుడూ ఉండేదట. ఆమె ఇన్నేళ్లూ ఆకురాయితో రుద్ది సరిచేసేవారు. ఇప్పుడు బల్ల మీద కొలబద్ద పెట్టి మర అరచుట్టు తిప్పుతారు.

ఫిర్యాదులో లేనివి

ఎలాగూ వచ్చాను కదా అని మిగతా వస్తువులూ చూశాను. కిద్దూష్ గిన్నె లోపల కూడా గులాబీ రంగు ఉంది. ద్రాక్షారసం పులుపు, దాని ఆమ్లత్వాన్ని ఈ పొర ఎక్కువకాలం భరించదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెడితే ఏమవుతుందో మన వంటిళ్లలో చెప్పక్కర్లేదు. లోపల ఉక్కు గిన్నె తొడగమన్నాను. ఆమె టేపు తీసుకుని కొలిచి తల అడ్డంగా ఊపారు. పాత గిన్నె లోపలి వ్యాసం 50, లోతు 50 మిల్లీమీటర్లు, అంటే 98 మిల్లీలీటర్లు. ఒక మిల్లీమీటరు మందం గోడ, అర మిల్లీమీటరు సందు తీసేస్తే మిగిలేది 84. కిద్దూష్‌కు కనీసం ఒక రెవియీత్ (యూదుల పాత కొలత) పట్టాలి. దాన్ని తక్కువలో తక్కువ 86 మిల్లీలీటర్లుగా లెక్కించేవారున్నారు, 150 అనేవారూ ఉన్నారు. నా సలహా పాటిస్తే గిన్నె అందంగా, మన్నికగా, ఆచారానికి పనికిరాకుండా తయారయ్యేది. బయటి గిన్నెనే పెంచాం. ఇప్పుడు లోగిన్నె వ్యాసం 57, లోతు 60, అంచుదాకా 153 మిల్లీలీటర్లు. ఏ లెక్కకైనా సరిపోతుంది.

మెజూజా తొడుగు దగ్గర మాత్రం సరుకు పంపడం ఆపమని చెప్పాల్సి వచ్చింది. తొడుగు వెనక సన్నని గాడి, రెండు కొసల్లో మర రంధ్రాలు. ఆనోడైజింగ్ తొట్టిలోని ఆమ్లం ఇలాంటి మూలల్లో దాక్కుని, కడిగినా పోకుండా, వారాల తర్వాత మెల్లగా ఊరుతుంది. లిట్మస్ కాగితం తడిపి గాడిలో దూర్చాను. ఎర్రబడింది. కిటికీ చట్రమైతే తెల్లని మరకతో పోయేది. ఇక్కడ ఆ గాడిలో ఉండేది తోలుపత్రం. లేఖకుడు చేత్తో రాసిన 22 వరుసలు, 713 అక్షరాలు. ఒక్క అక్షరం చెడినా ఆ పత్రం చెల్లదు. చాలాసార్లు తొడుగుకంటే పత్రం ఖరీదే ఎక్కువ. ఏ ఇంట్లోనూ పత్రం చెడినట్టు అప్పటికి కబురు లేదు, అయినా ఆగమన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అప్పటిదాకా కొన్నవాళ్లందరికీ ఉత్తరాలు రాశారు, పత్రం తీసి లేఖకుడికి చూపించుకోమని, ఖర్చు తనదని. అంత దూరం వెళ్లమని నేను చెప్పలేదు. ఇప్పుడు కర్మాగారంలో సోడియం బైకార్బనేట్ నీళ్లతో గాడి కడిగిస్తున్నాం. రెండు వారాలు ఆరాక ప్రతి తొడుగుకూ లిట్మస్ పరీక్ష. పైగా పత్రం లోహానికి తగలకుండా లోపల సన్నని గాజు గొట్టం.

ఇప్పుడు ఎలా పనిచేస్తున్నాను

ఏ వస్తువు వచ్చినా ముందుగా వాడేవారి రోజు గురించి అడుగుతున్నాను: ఎక్కడ పెడతారు, ఎవరు ముట్టుకుంటారు, ఎలా కడుగుతారు, ఎప్పుడు ముట్టుకోకూడదు. తొట్టి ఉష్ణోగ్రత, ఆమ్లం గాఢత ఆ తర్వాత. దెబ్బకు మార్కులు వేసే పని కారణం ఊహించకముందే చేస్తున్నాను. ఈ కేసులో ఆచారం తెలిసి ఉంటే కుడివైపు దెబ్బ ఎక్కువ వేద్దామని చేయి మొగ్గేదేమో.

తర్వాతి హనుక్కా గడిచాక రెండే తిరిగివచ్చాయి. ఒకటి పాత డిజైను. రెండోది కొత్తదే, కాళ్ల దాకా సమానంగా పాలిపోయింది. లోగిన్నెలు తీయకుండా మొత్తంగా కడిగే యంత్రంలో వేశారు. హెచ్చరిక కార్డు పెట్టెలో ఉందిగానీ పెట్టెను మొదటిరోజే పారేశారట. ఇప్పుడు ఆ మాట హనుక్కియా అడుగుభాగంలో చెక్కిస్తున్నాం.

తేలనిది ఊదా రంగు. కిటికీలో, గుమ్మం బయట ఎండ తట్టుకునే రంగులు మాకు ఆరే దొరికాయి. వాటిలో ఊదా లేదు. టైటానియం చూపించాను. దానికి అద్దకం అక్కర్లేదు, ఓల్టేజీని బట్టి పొర మందం మారి రంగు పుడుతుంది, 30 ఓల్టుల దగ్గర మంచి నీలం వస్తుంది, ఎండకు వెలవదు. నీలం ఆమెకు నచ్చింది. మెజూజా తొడుగుల మీద సన్నని పట్టీగా వాడుతున్నారు. ఊదా వచ్చే చోట మాత్రం వేలిముద్ర పడితే రంగు మారినట్టు కనిపిస్తుంది, పైగా అది తన ఊదా కాదు అన్నారు. మూడు కంపెనీల ఊదా అద్దకాలు తెప్పించి, పట్టీల మీద వేసి, సగం వెండికాగితం చుట్టి మా ఇంటి దక్షిణపు కిటికీలో వేలాడదీశాను. నెలకోసారి కాగితం విప్పి చూస్తాను. ఇది రాసేనాటికి పదకొండో నెల. రెండింటిలో ఎండ తగిలిన సగానికీ తగలని సగానికీ మధ్య గీత ఎప్పుడో పడింది. మూడోదానిలో నాకు కనిపించలేదు. ఆమెకు పంపితే, పట్టీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడమన్నారు. చూశాను. ఉంది.